వకట్, లేండ్, మూండ్: బిళ్ళంగోడు ఆటలో నిలిచిన తెలుగు అంకెలు

ఖర్చు లేని ఆటలలో బిళ్ళంగోడుకు సాటి రాగలది మరొకటి లేదు. మూరెడు కర్ర ఒకటి, జానెడుకు తక్కువైన బిళ్ళ ఒకటి, నేల మీద చిన్న గుంట ఒకటి ఉంటే చాలును. ఆటగాళ్ళు ఇద్దరైనా సరే, ఇరవై మందైనా సరే. ఒకే ఆటకు తెలుగునాటనే ఎన్నో పేర్లు ఉన్నాయి. గోటీబిళ్ళ, గోడుంబిళ్ళ, కర్రాబిళ్ళ, బిళ్ళంగోడు అని ప్రాంతాన్ని బట్టి పిలుస్తారు; తెలంగాణములో చిర్రగోనె అంటారు. సరిహద్దు దాటితే కన్నడిగులు చిన్నిదాండు అనీ, తమిళులు కిట్టిపుళ్ అనీ, ఒరియావారు గులిబాడి అనీ, మహారాష్ట్రులు విటీదాండూ అనీ అంటారు. తెలుగునాటికి వెలుపల తరతరాలుగా స్థిరపడిన కుటుంబాల పిల్లలు ఈ పేర్లలో కనీసం రెండింటినైనా ఎరుగుదురు. ఒకటి ఇంట్లో తాతగారు చెప్పిన పేరు; మరొకటి వీధిలో తోటి పిల్లలు పిలిచే పేరు.

ఆట సామగ్రి గురించి ముందుగా చెప్పుకొనుట మంచిది. కర్ర సుమారు ఒకటిన్నర నుండి రెండు అడుగుల పొడవు, చేతి పిడికిటికి ఇమిడే లావు ఉంటుంది. బిళ్ళ నాలుగు నుండి ఆరు అంగుళాల పొడవు ఉండి, నడుమ లావుగా, రెండు కొనలూ సన్నగా చెక్కబడి ఉంటుంది. ఆ కొనలను చెక్కుటలోనే నేర్పంతా ఉన్నది. కొన మరీ మొద్దుగా ఉంటే కర్ర దెబ్బకు బిళ్ళ లేవదు. మరీ వాడిగా ఉంటే విరిగిపోతుంది. నేత ఇండ్లలో పెరిగిన పిల్లలకు బిళ్ళ ఆకారాన్ని వర్ణించి చెప్పనక్కరలేదు. మగ్గం మీద పడుగు దారాల నడుమ అటూ ఇటూ పరుగులెత్తే నాడె కూడా అలాగే నడుమ లావుగా, రెండు కొనలూ సన్నగా ఉంటుంది. కొయ్య విషయంలో చింత, వేప, తుమ్మ మేలైనవి. షోలాపురం వంటి వర్షాభావ ప్రాంతాలలో తుమ్మకు కొదువ లేదు గనుక అక్కడి పిల్లలకు కొయ్య కోసం వెతుకులాట తక్కువ.

ఆట నేల మీద గుంటతో మొదలవుతుంది. గుంట పొడవుగా, పడవ ఆకారంలో ఉంటుంది. దాని మీద బిళ్ళను అడ్డంగా నిలిపి, కర్ర కొనను క్రిందికి దూర్చి, ఒక్క ఊపున ముందుకు ఎగురవేస్తారు. మరాఠీలో దీనిని కోలణే అంటారు. ఎదుటి పక్షంవారు ఎదురుగా నిలబడి గాలిలోనే బిళ్ళను పట్టుకొనుటకు ప్రయత్నిస్తారు. పట్టుకొంటే ఆటగాడు పోయినట్లే. పట్టుకొనలేకపోతే, అది పడిన చోటి నుండి గుంట మీద అడ్డంగా పెట్టిన కర్రకు గురిచూసి విసరాలి. కర్రకు తగిలినా ఆటగాడు పోయినట్లే. ఈ రెండు గండాలూ గడచినవానికే అసలైన ఆట దక్కుతుంది. నేల మీద ఉన్న బిళ్ళ కొనపై కర్రతో చిన్న దెబ్బ కొట్టి, అది పైకి లేవగానే గాలిలో రెండవ దెబ్బ కొట్టాలి. మొదటి దెబ్బ చాలా మెత్తనిది, రెండవది చాలా బలమైనది. ఈ రెంటి నడుమ రెప్పపాటు కాలం కూడా ఉండదు. సాధారణంగా ఆటగానికి మూడు అవకాశాలు ఇస్తారు. మూడింటిలోనూ బిళ్ళకు కర్ర తగలనివాడు తలవంచుకొని కర్రను ఎదుటివారికి అప్పగించవలసిందే.

బిళ్ళ దూరంగా పడిన తరువాత వచ్చేది కొలత. ఈ ఆటకు గల ప్రత్యేకత ఇక్కడనే ఉన్నది. బిళ్ళను కొట్టిన కర్రయే దూరాన్ని కొలిచే గజంబద్ద కూడా అవుతుంది. బిళ్ళ పడిన చోటు నుండి గుంట దాకా కర్రను నేల మీద ఒకదాని వెంట ఒకటిగా పెట్టుకుంటూ లెక్కిస్తారు. కొన్ని ఊళ్ళలో ప్రతిసారీ కొలువరు. కొట్టినవాడు కంటితో అంచనా కట్టి నలభై అనో యాభై అనో అడుగుతాడు. ఎదుటివారు ఒప్పుకుంటే సరి. సందేహిస్తే కొలవాలి. కొలతలో అడిగినంత దూరం తేలితే ఆ లెక్క వానిదే. ఒక్క కర్ర తగ్గినా వాడు ఆట నుండి తొలగాలి. అత్యాశకు పోకుండా, అలాగని చేతికి వచ్చినదానిని వదులుకోకుండా అడుగుట సామాన్యమైన విద్య కాదు. లెక్కల మాస్టరుగారు పలక మీద ఎంత చెప్పినా రాని దూరపు అంచనా, నాలుగు సాయంకాలాలు ఈ ఆట ఆడినవానికి వచ్చి తీరుతుంది.

మహారాష్ట్రములో ఈ కొలత మరొక రూపం దాల్చినది. అక్కడ కర్రను పెట్టుకుంటూ పోయేటప్పుడు మరాఠీ అంకెలైన ఏక్, దోన్, తీన్ అని లెక్కించరు. వకట్, లేండ్, మూండ్, నాల్, ఆర్, వైద్, ఝక్కూ అంటారు. ఈ ఏడు మాటలతో ఒక ఆవృత్తి పూర్తవుతుంది. మరల వకట్ నుండి మొదలవుతుంది. గుంట దగ్గరకు చేరేసరికి ఏ మాట మీద కొలత ఆగినదో, దానిని బట్టి తరువాతి దెబ్బ కొట్టవలసిన పద్ధతి నిర్ణయమవుతుంది. ఒక మాటకు బిళ్ళను పాదం మీద పెట్టుకొని ఎగురవేసి కొట్టాలి. ఒక మాటకు పిడికిలి మీద నుండి, ఒక మాటకు తల వెనుకకు వంచి మూసిన కంటి మీద నుండి. ఏ మాటకు ఏ భంగిమ అన్నది ఊరూరికీ కొంత మారుతుంది; మాటల ఉచ్చారణ కూడా కొంత మారుతుంది. లేండ్ కొన్నిచోట్ల రేండ్ అవుతుంది. కాని మొదటి నాలుగు మాటల వరుస మాత్రం చెదరదు.

ఈ మాటలు మరాఠీ పిల్లలకు అర్థం లేని ఆటపదాలు. తెలుగు పిల్లవాని చెవికి అవి అంకెలు. వకట్ అనగా ఒకటి. వాడుకలో నేటికీ వొకటి అని పలికేవారున్నారు, పూర్వపు వ్రాతలలో వకటి అనియు కనబడుతుంది. రేండ్ అనగా రెండు. మూండ్ అనగా మూడు. నాల్ అనగా నాలుగు. ఇవి ద్రావిడ భాషాపదాలని మరాఠీ పండితులు కూడా ఏనాడో గుర్తించినారు. అయితే ద్రావిడ భాషలలో ఏది అన్న ప్రశ్న వస్తుంది. మహారాష్ట్రమునకు తెలుగునాడు ఎంత పొరుగో, కన్నడనాడు అంతకంటె పెద్ద పొరుగు. కన్నడమున ఒందు, ఎరడు, మూరు, నాల్కు అంటారు. నాల్ అన్న మాట కన్నడమునకు చెందినదని ఎవరైన అంటే కాదనుటకు వీలులేదు. కాని వకట్ అన్నది ఒందు నుండి రాదు, రేండ్ అన్నది ఎరడు నుండి రావడం కష్టం. ఈ రెండు మాటలకూ తెలుగే పుట్టినిల్లు.

మూండ్ అన్న మాట మరింత ఆసక్తికరమైనది. నేడు మనము మూడు అని సున్న లేకుండా వ్రాస్తున్నాము, పలుకుతున్నాము. పాతకాలపు పుస్తకాలలో ఇది మూఁడు అని అరసున్నతో ఉంటుంది. అరసున్న అనగానే నేటి విద్యార్థులు నవ్వుతారు. పలకని దానిని వ్రాయుట ఎందుకని అడుగుతారు. ఒకనాడు పలికేవారు గనుకనే వ్రాసినారు. ప్రాచీన శాసనాలలో మూండు అన్న నిండు సున్న రూపమే ఉన్నది. తమిళమున ఇదే మాట మూన్ఱు. కన్నడపు మూరులో ఈ అనునాసికము లేదు. తెలుగువారి నోట క్రమంగా అరిగి, వ్రాతలో అర్ధచంద్రముగా మిగిలి, తరువాత వ్రాతలో నుండి కూడా తొలగిపోయిన ఆ సున్న, గోలీలూ బొంగరాలూ ఆడుకునే మరాఠీ పిల్లల నోట మూండ్ అని నిండుగా వినిపించుట విశేషము కాదా! లేండ్‌తో జత కుదురుట కోసం మూడ్ అన్నది మూండ్ అయినదని వాదించవచ్చును. పిల్లల ఆటపాటలలో ప్రాసకు ఉన్న బలం అటువంటిది. ఆ అవకాశాన్ని త్రోసివేయలేము గాని, శాసనాలలోని రూపమే కళ్ళెదుట ఉండగా దానిని కాదని ప్రాసను ఆశ్రయించవలసిన అవసరం కనబడదు.

వరుసలో ఒక తికమక ఉన్నమాట నిజమే. నాలుగు తరువాత రావలసినది ఐదు. ఆటలో ఆర్ వస్తుంది, దాని తరువాత వైద్ వస్తుంది. ఐదు, ఆరు తారుమారైనవి. ఏడవది అయిన ఝక్కూకు ఏడుతో పోలిక లేనేలేదు. అర్థం తెలియని మాటలను చెవితో మాత్రమే నేర్చి, చెవికే అందించుకుంటూ వచ్చిన పిల్లలు నాలుగింటిని చక్కగా నిలిపి, రెంటిని మార్చి, ఒకదానిని పోగొట్టుకొన్నారు. పుస్తకం చూచి నేర్చినవారు చేసే తప్పు ఇటువంటిది కాదు. ఈ మాటలు నోటి నుండి నోటికి వచ్చినవనుటకు ఆ తారుమారే సాక్ష్యము.

ఇవి మహారాష్ట్రమునకు ఎట్లు చేరినవి? షోలాపురం తెలుగువారికి వెంటనే తోచే సమాధానం ఒకటి ఉన్నది: మన పెద్దలే తెచ్చి ఉంటారు. ఆ సమాధానం వినుటకు ఇంపుగా ఉన్నా చరిత్రకు నిలువదు. బొంబాయి నుండి వచ్చిన రైలుమార్గం షోలాపురమునకు 1860లో చేరినది. అక్కడి నుండి రాయచూరు దాకా 1871లో పూర్తి అయినది. వాడి నుండి సికింద్రాబాదుకు మార్గం 1874లో తెరువబడినది. 1876 నుండి 1878 వరకు దక్కను అంతటా భయంకరమైన కరవు. ఆ కరవు నడుమనే, 1877లో, షోలాపురములో మొదటి నూలుమిల్లు వెలసినది. కరీంనగరం, నల్గొండ, వరంగల్లు, మహబూబునగరం ప్రాంతాల పద్మశాలి కుటుంబాలు పెద్ద సంఖ్యలో అక్కడకు చేరుట పందొమ్మిదవ శతాబ్ది మలిభాగములోను, ఆ తరువాతను జరిగిన సంగతి. పట్టణపు తూర్పున వారు నివసించిన పేటలకు పూర్వభాగము అనియే పేరు. మార్కండేయస్వామి ఆలయం, శ్రావణ పూర్ణిమనాడు జరిగే రథోత్సవం, ఇంటింటా మగ్గాల చప్పుడు, 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన షోలాపురి దుప్పటి, ఇవన్నీ ఆ వలస ఫలితాలే. కాని వకట్, లేండ్ అన్న లెక్క షోలాపురానికి పరిమితమైనది కాదు. పూనాలోను, కొంకణపు పల్లెలలోను, తెలుగు మాట వినని పిల్లలు సైతం అదే వరుస చెప్పినారు. నేతపనికి వచ్చినవారు యాభై అరవై ఏండ్లలో ఒక రాష్ట్రమంతటి పిల్లల ఆటను మార్చివేయలేరు. ఆ మాటలు అంతకు చాల ముందే అక్కడ ఉన్నవి.

కాబట్టి జరిగినది దీనికి తలక్రిందులు. కరీంనగరం నుండి మూటాముల్లె సర్దుకొని వచ్చిన తల్లిదండ్రుల వెంట షోలాపురములో దిగిన పిల్లవాడు, మాట తెలియని ఊళ్ళో, పేరు తెలియని వీధిలో, తనను ఎరుగని పిల్లల ఆటలో తన అంకెలనే విన్నాడు. చిర్రగోనె అనుకొని చేరిన ఆటకు విటీదాండూ అని పేరు. లెక్క మాత్రం తనదే.

దీనికి మూలం వెతకాలంటే పాలకుల చరిత్రలో కంటె పొరుగుదనపు చరిత్రలో వెతకాలి. గోదావరి ఒడ్డున ప్రతిష్ఠానములో కూర్చుండి శాతవాహనులు ఏలిన నేలలో నేటి మరాఠ్వాడా, తెలంగాణము రెండూ ఉన్నాయి. మధ్యయుగములో బహమనీలు, అనంతరము 1724 నుండి 1948 వరకు నిజాములు ఈ నేలను ఒకే ఏలుబడిలో ఉంచినారు. నిజాం రాజ్యపు పదహారు జిల్లాలలో ఎనిమిది తెలుగువి, ఐదు మరాఠీవి, మూడు కన్నడవి. ఆ ఎల్లల వెంబడి సంతలలో బేరగాళ్ళు, బాటసారులు, గొఱ్ఱెలు తోలుకొని తిరిగేవారు ఒకరి అంకెలు మరొకరు నేర్చినారు. పెద్దలు బేరం ముగియగానే మరచిపోయి ఉంటారు. పిల్లలు మరువలేదు. ఏ రాజూ శాసనం వేయించకుండా, ఏ కవీ కావ్యం వ్రాయకుండా ఒక భాష మరొక భాషలో ఇన్ని తరాలు నిలిచి ఉండుటకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకుట అరుదు.

ఆట మాత్రం మరింత ప్రాచీనము. మహాభారతములో కౌరవ పాండవ కుమారులు ఆడుకొనుచుండగా ఆటవస్తువు నూతిలో పడుట, ద్రోణుడు దర్భపుల్లలను ఒకదాని వెంట ఒకటి సంధించి దానిని వెలికితీయుట అందరికీ తెలిసిన ఘట్టము. తెలుగువారు దానిని బంతిగా తలపోస్తారు. సంస్కృతమూలములో ఉన్న మాట వీటా. పదిహేడవ శతాబ్దిలో మహాభారతానికి వ్యాఖ్య వ్రాసిన నీలకంఠ చతుర్ధరుడు ఆ మాటకు ఇచ్చిన వివరణ చూడండి. యవధాన్యపు గింజ ఆకారములో, బొటనవ్రేలి నుండి చూపుడువ్రేలి కొన దాకా గల పొడవుతో ఉన్న కొయ్యముక్క అనియు, మూరెడు కర్రతో బాలురు దానిని ఎగురవేస్తారనియు ఆయన చెప్పినాడు. కాశీలో కూర్చుండి వ్రాసినా ఆయన పుట్టుకచేత గోదావరీతీరపు మహారాష్ట్రుడు. వీటా అన్న మాట చూడగానే చిన్ననాటి విటీ మనసులో మెదలి ఉంటుంది. వ్యాసుని నాటి వీటా నిజముగా బిళ్ళయేనా అన్నది వేరు చర్చ. నీలకంఠుని నాటికి ఆట నేటి కొలతలతోనే ఉన్నదనుటకు మాత్రం ఆయన వ్యాఖ్య చాలును.

ఈ ఆట మన దేశపు హద్దులలో ఆగినది కాదు. నేపాళములో దీనిని డండీబియో అంటారు. 2017లో వాలీబాల్‌ను జాతీయ క్రీడగా ప్రకటించే వరకు చాలమంది దీనినే జాతీయ క్రీడగా భావించేవారు. ఇంగ్లండులో టిప్‌క్యాట్ అనే పేరుతో ఆడేవారు. జాన్ బన్యన్ 1666లో వెలువరించిన ఆత్మకథలో, ఒక ఆదివారం ఈ ఆట మధ్యలో రెండవ దెబ్బ కొట్టబోతూ ఉండగా ఆకాశవాణి వినిపించినట్లయి చేయి ఆగిపోయినదని వ్రాసుకొన్నాడు. క్రికెట్ మన బిళ్ళంగోడు నుండే పుట్టినదని సభలలో చెప్పి చప్పట్లు కొట్టించుకొనేవారున్నారు. అందుకు ఆధారము లేదు. కొయ్యముక్కను కర్రతో కొట్టాలన్న బుద్ధి ఏ దేశపు పిల్లవానికైనా పుట్టగలదు. దానికి గొప్పలు చెప్పుకొనవలసిన పని లేదు.

తోటి ఆటల భాగ్యము దీనికి పట్టలేదు. ఖోఖోకు 1914లో పూనాలో నియమావళి ఏర్పడినది. కబడ్డీ 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ సందర్భంగా ప్రదర్శింపబడి, 1990లో బీజింగ్ ఆసియా క్రీడలలో పతకాల ఆట అయినది. బిళ్ళంగోడు మాత్రం వీధిలోనే నిలిచిపోయినది. కారణం వెదకుట కష్టం కాదు. కబడ్డీకి గీతలు గీస్తే చాలును, ఏ ఊరిలోనైనా కొలత ఒకటే. బిళ్ళంగోడులో కొలబద్ద కర్రయే. కర్ర పొడవు ఊరికొకటి, బిళ్ళ చెక్కడం చేతికొకటి. ఇంకొక కారణం మరింత ముఖ్యమైనది. గాలిలో దూసుకువచ్చే కొనదేలిన కొయ్య కంటికి తగిలితే జరిగే నష్టం తీరనిది. ఏ ఉపాధ్యాయుడైనా, ఏ తల్లి అయినా దీనిని చూచి భయపడుటలో అన్యాయం లేదు. ఖాళీ స్థలాలు ఇండ్లతో నిండిపోగా, రబ్బరు బంతి చౌకగా దొరకగా, 1983లో భారత జట్టు ప్రపంచకప్పు గెలిచిన తరువాత వీధి వీధినా క్రికెట్ వెల్లువెత్తగా, ఈ ఆట మూలపడినది.

బాలికల సంగతి కూడా చెప్పుకోవాలి. వారు ఆడరాదన్న నియమం ఎక్కడా లేదు. అయినా వారికి తొక్కుడుబిళ్ళ ఇచ్చి బిళ్ళంగోడు మగపిల్లలకు వదలిపెట్టినారు. షోలాపురములో తల్లుల ప్రక్కన కూర్చుండి బీడీలు చుట్టిన ఆడపిల్లలకు సాయంకాలాలలో తొక్కుడుబిళ్ళ సైతం దక్కినది తక్కువ. ఆటస్థలం ఎవరిది, తీరిక ఎవరిది అన్న ప్రశ్నను ప్రేమ్‌చంద్ తన గుల్లీడండా కథలో మరొక కోణం నుండి చూపినాడు. పెద్ద ఉద్యోగియై తిరిగివచ్చిన కథకునితో బాల్యమిత్రుడైన గయా ఆడుతాడు గాని, నిజముగా ఆడడు. అధికారికి గెలుపు వదలిపెడతాడు.

పరరాష్ట్రములో తెలుగు చదువు ఎందుకని, ఇక్కడి నేలకు మన భాష పరాయిది కాదా అని అడిగే తల్లిదండ్రులు నేడు చాలమంది ఉన్నారు. వారిలో మరాఠీ వీధులలో పెరిగినవారు చిన్ననాడు విటీదాండూ ఆడినవారే. ఏ మాటలతో దూరం కొలిచినారో వారినే చెప్పమనవచ్చును.

ఈ ఆటను పాఠశాల ఆవరణలో ఆడించదలచినవారు బిళ్ళ కొనలను మొద్దుగా చెక్కించాలి. చూచేవారిని కొట్టేవాని వెనుకనే నిలబెట్టాలి. ఎదుట నిలిచి పట్టేవారు కనీసం పదిహేను అడుగుల దూరం ఉండాలి. కర్రలన్నీ ఒకే పొడవున కోయించితే కొలత తగవులు తగ్గుతాయి. లెక్క చెప్పునపుడు తెలుగు పిల్లలు నాల్ దగ్గర తడబడుతారు. వారి నోటికి ఐదు వస్తుంది, ఆట ఆర్ అంటుంది. అక్కడ మరాఠీ పిల్లల వరుసనే అనుసరించాలి. లేకపోతే కంటి మీద నుండి కొట్టవలసిన దెబ్బ పిడికిలి మీదకు వస్తుంది, దానితో మరల తగవు మొదలవుతుంది.